నేరేడు రంగు కిటికీ

కిందటి వారం తిల్దాను మహా ఇరకాటంలో పెట్టి వదిలేశాం. ఏం జరిగిందో మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. తిల్దా ఇంట్లో తయారుచేసి అమ్మే సువాసన కొవ్వొత్తి ఒకటి పణజీలోని ఓ పాతకాలపు అతిథిగృహంలో వెలిగించిన పావుగంటకే గాజు గ్లాసుతో సహా ఫట్టున పేలింది. వంటామె చెయ్యి కాలింది. అతిథిగృహం యజమాని ఒలావో, లేబులు అంటుకుని ఉన్న గాజుపెంకును అట్టపెట్టెలో పెట్టి తిల్దాకు పంపాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా దీని సంగతేమిటో తేల్చమన్నాడు. తేల్చకపోతే సరుకంతా తిప్పి పంపుతానని, ఎందుకు పంపానో ఊరందరికీ చెబుతానని కబురు పెట్టాడు. తిల్దా పెంకును ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఆ మైనం తనది కాదు. లేబులు మాత్రం తనదే.

ఆ శుక్రవారం రానే వచ్చింది.

మాపుసాలో శుక్రవారమంటే సంత. ఎండుచేపల బుట్టల మధ్య నుంచి, దండల్లా వేలాడే కారం సాసేజీల కింద నుంచి తిల్దా అట్టపెట్టెను చంకన పెట్టుకుని నడుస్తోంది. అరటిపళ్లావిడ రోజూ పలకరించేదే, ఇవాళ తల తిప్పుకుంది. నిజానికి ఆవిడ ఈగలు తోలుకుంటోంది. కానీ మనసులో అనుమానం దూరాక ఈగలు తోలేవాళ్లు కూడా మన గురించే గుసగుసలాడుతున్నట్టుంటుంది. వీళ్లందరికీ అప్పుడే తెలిసిపోయిందా? ఒలావో నాలుగింటి దాకా కూడా ఆగలేదా? తిల్దా అడుగు పెంచింది.

సంత వెనక సందులో పుండలీక్ ప్రెస్సు. మిషన్ల చప్పుడు, సిరా వాసన, గోడకి వినాయకుడి క్యాలెండరు. పుండలీక్‌కి అరవై దాటాయి. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్ల మీదికి దిగిన రోజు లేదు.

"రా బాయీ, రా. ఏమిటలా మొహం గంటు పెట్టుకొచ్చావు? మళ్లీ రంగు నచ్చలేదా?"

తిల్దా కూర్చోలేదు. పెట్టె తెరిచి పెంకును ఆయన బల్ల మీద పెట్టింది. "ఇది ఎవరు అచ్చువేశారు బాబ్?"

ఆయన సొరుగులోంచి భూతద్దం తీశాడు. లేబులు మీదికి వంగి, రంగు చుక్కల్ని ఒక్కొక్కటే చూశాడు. అంచులు చూశాడు. గోటితో ఓ మూల గీకి చూశాడు.

"నేనే," అన్నాడు తాపీగా.

తిల్దా ఉలిక్కిపడింది. దారి పొడుగునా ఆయన కాదంటాడని, తను నిలదీస్తుందని మాటలన్నీ పేర్చుకుని వచ్చింది పాపం. తప్పు చేసినవాడు ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? ఒప్పుకున్నాడంటే దీని వెనక ఇంకేదో ఉండాలి. ఆమె అనుమానం తగ్గకపోగా రెండింతలైంది.

ఆ లేబులు కథేమిటో ఇక్కడే చెప్పాలి. వానాకాలం మూడు వారాలు భోజనాల బల్ల మీద కూర్చుని తిల్దా గీసుకున్న బొమ్మ అది. అత్తగారింటి కిటికీ. అద్దాలకు బదులు ముత్యపు చిప్పలు బిగించిన పాతకాలపు కిటికీ, ఎనిమిది గళ్లు. ఏడు గళ్లు ఖాళీగా వదిలి, ఎనిమిదో గడిలో పరిమళం పేరు రాసేది. పైన 'జనేల్' అని పేరు. వాళ్ల కొంకణిలో కిటికీ అని అర్థం. అడుగున బరువు, మూడు గంటలకు మించి వెలిగించవద్దన్న హెచ్చరిక, మైనం పోసిన తేదీ చేత్తో రాయడానికి కాస్త చోటు. మొదట మామూలు కాగితం మీద అచ్చువేయిస్తే పరిమళపు నూనె పీల్చుకుని లేబులు అప్పడంలా మరకలు తేలింది. అప్పుడు నూనె తాగని ప్లాస్టిక్ స్టిక్కరుకు మార్చారు. ఆ స్టిక్కరు మీద మొదటిసారి వేసినప్పుడు ఇంకో తంటా వచ్చింది. కంప్యూటర్ తెర మీద సముద్రంలా ఉన్న నీలం, అచ్చులోకి వచ్చేసరికి నేరేడుపండు రంగైంది. తిల్దా ఒప్పుకోలేదు. రంగు సరిచేసి మళ్లీ అచ్చువేశారు. ఇప్పుడు ఊళ్లో తిరుగుతున్న జనేల్ కొవ్వొత్తులన్నిటి మీదా కిటికీ నీలంగానే ఉంటుంది.

బల్ల మీదున్న పెంకు మీద కిటికీ నేరేడు రంగులో ఉంది.

"వద్దన్న షీట్లు నాలుగు," అంది తిల్దా. ఒక్కో మాటా నొక్కి పలికింది. "షీటుకి పన్నెండు లేబుళ్లు. అవి బయటికెలా వచ్చాయి బాబ్? ఎవరికిచ్చారు?"

"ఎవరికిచ్చానంటే? నీకే."

"నాకా!"

"ఆ రోజు ఏమన్నావో గుర్తుచేసుకో బాయీ. ముక్కలు చేసెయ్యండి అనలేదు. ఒక్కటి కూడా మీ ప్రెస్సులో ఉండకూడదు అన్నావు. నీ కళ్లు నేను చూశాను. పాడైన లేబుళ్లు దొడ్డిదారిన అమ్ముకునే ప్రెస్సులవాళ్లున్నారని ఎవరో నీ చెవిన వేశారు. నలభయ్యేళ్ల నుంచి ఈ సందులో ఉన్నాను. మా నాన్న పెళ్లిపత్రికలు వేసిన మిషను ఇది. నీకు నమ్మకం లేదని తెలిసి, మర్నాడే కట్ట కట్టి మీ ఇంటికి పంపించేశాను."

"మా ఇంటికి రాలేదు."

"వచ్చింది. సంతకం కూడా ఉంది."

ఆయన లేచి బీరువా మీది నుంచి సరుకు అప్పగించిన పుస్తకం దించాడు. వేలు తడి చేసుకుంటూ నింపాదిగా పేజీలు తిప్పుతుంటే తిల్దాకి ఆ పుస్తకం లాక్కోవాలనిపించింది. దొంగలెక్కలు చూపించడానికి టైము తీసుకుంటున్నాడా? అప్పటికప్పుడు ఎవరి పేరైనా కుక్కుతున్నాడా?

"ఇదిగో. లేబులు షీట్లు, నాలుగు, వాపసు. ఇదిగో సంతకం."

సంతకం కోడి కెలికినట్టుంది. పేరు చదవడానికి రాలేదు. కానీ పేరుకు ముందు ఓ చిన్న శిలువ గుర్తు ఉంది. అడ్డగీత కొంచెం పైకి లేచి, నిలువుగీత కింద కాస్త వంకర తిరిగి.

అప్పుడు కూర్చుంది తిల్దా.

ఆ శిలువ ఆమెకు తెలుసు. వాళ్లింట్లో పచారీ చీటీ మీద ఉంటుంది, మందుల డబ్బా మూత మీద ఉంటుంది, ఓడ మీద పనిచేసే కొడుక్కి రాసే ఉత్తరం నెత్తిన ఉంటుంది. రొట్టెల పిండి ముద్ద మీద కూడా వేలితో గీస్తేనే ఆవిడకు తృప్తి. కాగితం మీద కలం పెడితే ముందు శిలువ, తర్వాతే అక్షరం. ఆవిడ తిల్దా అత్తగారు ఎస్పెరాన్సా. ఆ ఇళ్లలో కోడళ్లందరిలాగే తిల్దా కూడా ఆవిడను 'మాయ్' అనే పిలుస్తుంది.

తిల్దా గబగబా పెంకును చేతిలోకి తీసుకుంది. పోసిన తేదీ రాసే చోట అంకెల ముందు చిన్న గీతలున్నాయి. వారం నుంచి ఆ పెంకును వందసార్లు చూసింది. చూసిన ప్రతిసారీ అది పెన్ను చెదిరిన మరక అనుకుంది. మరక కాదు. అడ్డగీత కొంచెం పైకి లేచి ఉంది.

పుండలీక్ కూడా చూశాడు. ఆయనవీ ముసలి కళ్లే, కానీ ముసలి ప్రింటరు కళ్లు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు బాయీ," అన్నాడు మెల్లగా.

"మా ఇంటి సంగతి మీకెందుకు?" తిల్దా కస్సుమంది.

"నిజమే, నాకెందుకు? మరి ఆ ఇంటి సంగతి నా ప్రెస్సులోకి మోసుకొచ్చిందెవరు?"

తిల్దాకి సిగ్గుతో మొహం మండిపోతోంది. "తప్పయిపోయింది బాబ్," అంది. ఆయన బీరువాలోంచి నీలం లేబుల్ ఒకటి, ఆ రోజు ఆమె కొట్టేసి సంతకం పెట్టిన నేరేడు రంగు మచ్చుకాగితం ఒకటి తీసి ఇచ్చాడు. "ఒలావో దొరకి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించు. పేలింది నీ సరుకు కాదని తెలిసిపోతుంది. నీ పేరు దక్కుతుంది. ఆ తర్వాత ఎవరి పేరు చెప్పుకుంటావో నీ ఇష్టం."

ఆ చివరి మాట ఇంటిదాకా వెంటాడింది.

స్కూటరు మీద వస్తుంటే తిల్దాకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆగస్టులో డజను గ్లాసులు లెక్క తగ్గాయి. ఆడపడుచు బెర్తా మీద అనుమానపడింది. బెర్తా కాపురం ఏటి అవతల. వారానికి రెండు రోజులు వచ్చి లేబుళ్లు అంటించి, పార్సిళ్లు కట్టి వెళ్తుంది. ఆ గ్లాసుల విషయమై తిల్దా నెల రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడింది. ఓ మధ్యాహ్నం వంటింట్లో చర్చి ధూపం వాసన వేస్తే, పక్కింటి నుంచి కాబోలు అనుకుంది. "ఆ సన్న గ్లాసులకి ఎంత మైనం పడుతుందే?" అని మాయ్ ఓసారి అడిగింది. కొవ్వొత్తులంటేనే గిట్టని మనిషి ఎందుకడిగిందా అని అప్పుడు ఆలోచించలేదు. అసలు ఈ వ్యాపారం మొదలెట్టిన రోజే ఆవిడ మూతి ముడిచింది. "దేవుడి ముందు వెలిగించేదాన్ని మంచం పక్కన పెట్టుకుంటారా? అదీ వాసన కోసం! ఏం, మీ ఇళ్లు అంత కంపు కొడుతున్నాయా?" అంది.

అంటే ఇది కావాలనే చేసిందా? కోడలి పేరు మట్టిగొట్టుకుపోవాలని, నేరేడు రంగు లేబుళ్లు దాచి, పేలే కొవ్వొత్తులు చేసి, అతిథిగృహానికి పంపిందా? ఏడేళ్లుగా పక్కపక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి! ఇంటి ముందు స్కూటరు ఆపేసరికి తిల్దా పూర్తిగా నమ్మేసింది.

మాయ్ వంటింట్లో పెద్ద గుండిగ తోముతోంది. గుగ్గిళ్లు ఉడికించిన గుండిగ. తిల్దా పెంకును గట్టు మీద ఠక్కున పెట్టింది.

"మాయ్. ఇది మీరు పోసిందేనా?"

ఆవిడ చేతులు తుడుచుకుంది. వంగి చూసింది. మొహంలో భయం లేదు, తత్తరపాటు లేదు. పెంకుకి అంటుకున్న మైనాన్ని వేలితో తాకి, ఆ వేలిని ముద్దు పెట్టుకుంది.

"అయ్యో. ఇదెలా పగిలింది?"

"అదే నేనూ అడుగుతున్నాను."

"పగలకూడదే. గుళ్లో దీవించిన మైనం పిల్లా అది."

మాయ్ స్టూలు లాక్కుని కూర్చుని, ఎవరో పండగ సంగతి అడిగినట్టు చెప్పుకొచ్చింది. ఏటా ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండగకి ఫాదర్ దీవించి ఇచ్చినవి, కొడుకు ఆగ్నెల్ బాప్తిస్మం నాటిది, బెర్తా గుళ్లో మొదటిసారి సత్ప్రసాదం అందుకున్న నాటిది, భర్త శవపేటిక చుట్టూ వెలిగించిన నాలుగు. అన్నిటి మొదళ్లూ నలభయ్యేళ్లుగా బిస్కెట్ల డబ్బాలో దాచింది. "దీవించినదాన్ని చెత్తలో వెయ్యకూడదు కదా. వెలిగించి అవగొట్టాలి, లేకపోతే మట్టిలో పూడ్చాలి. మొగుణ్ని ఎలాగూ పూడ్చాను. ఆయన కొవ్వొత్తిని కూడా పూడ్చడానికి చేతులు రాలేదు."

"దాన్ని కరిగించి నా గ్లాసుల్లో పోశారా?"

"జూన్‌లో ఆగ్నెల్ ఓడ తుపానులో చిక్కుకుని నాలుగు రోజులు కబురు లేదు, గుర్తుందా? నువ్వు గదిలో తలుపేసుకుని ఏడ్చావు. నేను ఏటి అవతల శిలువ ముందు పన్నెండు దీపాలు పెడతానని మొక్కుకున్నాను. మట్టి ప్రమిదలైతే గాలికి ఆరిపోతాయి. నీ గ్లాసులు చూశాక బుద్ధి పుట్టింది. లేబుళ్లంటావా, పాడయ్యాయని నువ్వే అన్నావు కదా. నాకైతే ఆ రంగే నచ్చింది. ఈస్టరు ముందు తపస్సు కాలంలో గుళ్లో కప్పే గుడ్డల రంగు. నీ నీలం ఏమిటో, ప్లాస్టిక్ బకెట్ల రంగు."

"నిజం చెప్పండి మాయ్. నా వ్యాపారం మునగాలనే కదా ఇదంతా?"

మాయ్ తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం కంటే నొప్పే ఎక్కువుంది. "నేను మొక్కుకున్నది ఎవరి కోసమే? ఆగ్నెల్ నా కొడుకే కానీ, నీ మొగుడు కాడటే?"

తిల్దా కళ్లు దించుకుంది. ఇప్పటిదాకా పుండలీక్‌ని, బెర్తాని, మాయ్‌ని, ముగ్గుర్నీ దొంగల్ని చేసింది. ముగ్గురూ కాదు. "మరి ఇది పణజీ ఎలా వెళ్లింది?"

"పార్సిలుకి ఒకటి తక్కువైందని బెర్తా అంది. నువ్వు ఇంట్లో లేవు. ఒకటి ఇమ్మంది, ఇచ్చాను. నా మొక్కు లెక్క తప్పకుండా ఇంకోటి పోసుకున్నాను."

ఇదన్నమాట. ఎవరూ పగబట్టలేదు, ఎవరూ అమ్ముకోలేదు. నవ్వాలో ఏడవాలో తిల్దాకి తెలియలేదు. సంచిలో రెండు లేబుళ్లున్నాయి. వాటి ఫొటో తీసి ఒలావోకి పంపి, 'ఇది మా అత్తగారి పని' అని ఒక్క ముక్క చెబితే చాలు, తన పేరు నిలబడుతుంది. కానీ ఆ ముక్క ఎలా చెప్పడం? గోడ గడియారం చూసింది. నాలుగుకి పావుగంట ఉంది.

అప్పుడు తట్టింది, ఇంకో ప్రశ్న అడగలేదని.

"మాయ్, ఒత్తి ఏది వేశారు?"

"గుళ్లో పెద్ద కొవ్వొత్తుల్లో ఉంటుందే, అది. మూడు పేటలుగా పేనాను. ఎంత గాలొచ్చినా ఆరదు."

తిల్దా గ్లాసులు పల్చటివి. తను వాడే మెత్తటి కొబ్బరిమైనానికి, సన్నటి ఒత్తికి సరిపోతాయి, అంతే. గుడి కొవ్వొత్తుల గట్టి మైనంలో మూడు పేటల ఒత్తి మండితే ఆ గాజు తట్టుకోలేదు. మంట గాలికి ఆరకూడదని ఆవిడ పడ్డ జాగ్రత్తే గ్లాసుని పేల్చింది.

"మిగతా పన్నెండు ఏవి?"

మాయ్ మొహం వెలిగింది. "ఇవాళే కదే శిలువ దగ్గర ప్రార్థన! పొద్దున గుగ్గిళ్లతో పాటు బెర్తా తీసుకెళ్లింది. ప్రార్థన పాటలకి వయొలిన్ వాయించే అతనికి ఆరింటికి ఇంకో ఊళ్లో ప్రార్థన ఉందట, అందుకని మనది నాలుగింటికే పెట్టారు. నేల మీద పెడితే ఏం బాగుంటుంది, పన్నెండు మంది పిల్లలు తలొకటీ చేత్తో పట్టుకుని నిలబడతారు. మొదటిది మన రేయినా చేతిలోనే!"

రేయినా తిల్దా కూతురు. ఆరేళ్లది. ఇవాళ బడికి సెలవని, కొత్త గౌను వేసుకుని పొద్దున్నే అత్త బెర్తా వెంట ఎగురుకుంటూ వెళ్లింది.

తిల్దా ఫోను తీసి బెర్తాకి చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. మళ్లీ చేసింది.

"ప్రార్థనలో ఫోను ఎత్తుతుందా ఎక్కడైనా? సంచిలో పడేసుంటుంది," అంది మాయ్. ఆ తర్వాతే కోడలి మొహం సరిగ్గా చూసింది. చూపు గట్టు మీది పెంకు మీదికి మళ్లింది. ఆవిడ చేతిలోని గుడ్డ జారి కింద పడింది. "తిల్దా... అవి కూడా ఇలాగే...?"

తిల్దా అప్పటికే గుమ్మం దాటింది. పుండలీక్ ఇచ్చిన లేబుళ్ల సంచి వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

రేవు దగ్గర స్కూటరు పడేసి పరుగెత్తేసరికి బల్లకట్టు గట్టు వదిలేసింది. మధ్యలో పది బారల నీళ్లు. "ఆపండి! వెనక్కి తిప్పండి!" గొంతు చించుకుని అరిచింది. ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు. రేవులో ఇంకో పడవ లేదు. బల్లకట్టు మీద ఓ ముసలాయన టోపీ తీసి, తనకే వీడ్కోలు చెబుతోందనుకుని చెయ్యూపాడు.

చేతిలో ఫోను మోగింది. బెర్తా! కాదు, ఒలావో. సరిగ్గా నాలుగైంది. తిల్దా ఫోను వైపు చూసింది, ఎత్తలేదు. మోగి మోగి అదే ఆగిపోయింది.

అవతలి గట్టున కొబ్బరిచెట్ల పైకి తారాజువ్వ ఒకటి సర్రున లేచి ధనామని పేలింది. శిలువ దగ్గర ప్రార్థన మొదలైందని, దీపాలు వెలిగించారని ఊరికి చెప్పే జువ్వ అది.

బల్లకట్టు అటు వెళ్లి ఇటు రావడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. అతిథిగృహంలో గ్లాసు పేలడానికి పావుగంటే పట్టింది.